ఆ అమ్మకు మూడో వరస ఎందుకు? రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభ, శాసనమండలి సభ్యులకు,

నమస్కారం.

నేనొక చిన్న ఊరి సివిల్ కోర్టులో పాతికేళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్న లాయరుని. మా కోర్టు వరండాలో ఒక సిమెంటు బల్ల ఉంది. వాయిదా ఉన్న రోజు దాని మీద ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంటుంది. 78 ఏళ్లు. ఒళ్లో గుడ్డ సంచి. అందులో కూతురి బ్యాంకు పాసు పుస్తకాలు, ఇంటి దస్తావేజు, డెత్ సర్టిఫికెట్, వాటి జిరాక్సులు, ఆ జిరాక్సులకు మళ్లీ జిరాక్సులు. మన కేసు పిలిచేసరికి మధ్యాహ్నం అవుతుందమ్మా, తీరిగ్గా రమ్మని ఎన్నిసార్లు చెప్పినా పదింటికల్లా అక్కడే ఉంటుంది. పేరూ ఊరూ చెప్పను. ఆవిడ అనుమతి తీసుకునే ఇంతవరకైనా రాస్తున్నాను.

ఆవిడ కూతురు సర్కారు బడిలో పంతులమ్మ. పెళ్లయిన రెండో ఏడు భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. పిల్లలు లేరు. పెద్దకర్మ అయిన మర్నాడే అత్తవారు ఆ పిల్లను పెట్టెతో సహా పుట్టింటికి పంపేశారు. ఆ తర్వాత ఆ వైపు నుంచి పండక్కి పిలుపు లేదు, చావు కబురు కూడా లేదు. తల్లి కుట్టు మిషను తొక్కి కూతురితో టీటీసీ చదివించింది. ఆ అమ్మాయి డీఎస్సీ రాసి ఉద్యోగం తెచ్చుకుంది. లోను పెట్టి రెండు గదుల ఇల్లు కట్టుకుంది. వాయిదాలన్నీ తన జీతంలోంచే కట్టింది. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు కూతురు పోయింది. అప్పటికి ఆమెకు 46 ఏళ్లు. వీలునామా రాయలేదు.

సంవత్సరీకం కాకముందే నోటీసు వచ్చింది. చనిపోయిన అల్లుడి అన్నగారూ, ఆడపడుచూ కలిసి పంపారు. మా తమ్ముడి భార్య ఆస్తికి మేమే వారసులం, ఇల్లు ఖాళీ చేసి అప్పగించండి అని. ఆ నోటీసు నాకు చూపించి ఆవిడ అడిగిన మొదటి మాట, "వీళ్లెవరమ్మా?" అని. వెటకారం కాదు. పెళ్లిలో చూసిన ముఖాలు, ఆవిడకి నిజంగానే గుర్తు లేవు.

నేను చెప్పలేక చెప్పిన సంగతి ఏమిటంటే, చట్టం వాళ్ల వైపే ఉంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 15 అని ఒకటుంది. వీలునామా లేకుండా ఆడమనిషి కన్నుమూస్తే ఆమె ఆస్తి ఎవరికి చెందాలో అది చెబుతుంది. మొదటి వరసలో కొడుకులు, కూతుళ్లు, భర్త. వాళ్లెవరూ లేకపోతే రెండో వరసలో భర్త వారసులు. వాళ్లలో కూడా ఎవరూ మిగలకపోతే, అప్పుడు మూడో వరసలో ఆమెను కన్న తల్లీ తండ్రీ. "భర్త వారసులు" అన్నవి చూడ్డానికి రెండే మాటలు. విప్పి చూస్తే ఆ మూటలో అత్తామామలు, బావలు, మరుదులు, ఆడపడుచులు, వాళ్ల పిల్లలు, భర్తకు చిన్నాన్న పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, వాళ్లు కూడా లేకపోతే ఎక్కడెక్కడి జ్ఞాతులో ఉంటారు. వీళ్లందరూ వద్దంటే తప్ప, లేదా అసలు లేకపోతే తప్ప, కన్నతల్లి వంతు రాదు.

మగవాడు పోతే సెక్షన్ 8 చూడాలి. అక్కడ భార్యా పిల్లలతో పాటు తల్లి మొదటి తరగతి వారసురాలు. వాళ్లతో సమానంగా ఒక వాటా. ఇప్పుడు ఒక తల్లికి ఒక కొడుకూ ఒక కూతురూ ఉన్నారనుకోండి. కొడుకు పోతే ఆ తల్లి మొదటి వరసలో కూర్చుంటుంది. కూతురు పోతే మూడో వరసలో నిలబడుతుంది. మోసింది మాత్రం ఇద్దరినీ తొమ్మిదేసి నెలలే. ఈ సెక్షన్ కూతురికి అన్యాయం చేస్తుందని అందరూ అంటారు. నా క్లయింటును ఇన్నాళ్లుగా చూశాక నాకు తోచింది వేరు. చనిపోయిన కూతురికి ఇక చట్టంతో పనేముంది? దెబ్బ తగిలేది బతికున్న తల్లికి. ఆవిడ ఏ బిడ్డకు తల్లి అన్నదాన్ని బట్టి చట్టం ఆవిడ విలువ కడుతోంది.

ఇంకో సంగతి. మగవాడి వారసుల జాబితా మొత్తం వెదకండి. మొదటి తరగతి, రెండో తరగతి, జ్ఞాతులు, బంధువులు, చివరంటా. "భార్య వారసులు" అన్న మాట ఎక్కడా లేదు. అల్లుడి ఆస్తి అత్తమామలకు పోయే దారి చట్టంలో వేయనే లేదు. కోడలి ఆస్తి అత్తమామలకు పోయే దారి మాత్రం రాజమార్గం. (తండ్రుల మాట కూడా చెప్పాలి. కొడుకు ఆస్తిలో తల్లి మొదటి తరగతి అయితే తండ్రి రెండో తరగతి. దాని మీద మగవాళ్లెవరైనా మీకు లేఖ రాస్తే దాని కింద నేనూ సంతకం పెడతాను.)

ఇది నా ఒక్క క్లయింటు కష్టం అనుకోకండి. 2009లో సుప్రీంకోర్టు ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసులో తీర్పు ఇచ్చింది. లా కాలేజీ పిల్లలందరికీ తెలిసిన తీర్పు. అందులోని స్త్రీకి 1955లో పెళ్లయింది. మూడు నెలల లోపే భర్త పాము కాటుకు చనిపోయాడు. అత్తవారు ఇంట్లోంచి వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు. ఉద్యోగం చేసింది, సంపాదించింది, 1996లో వీలునామా లేకుండా పోయింది. బ్యాంకుల్లో డబ్బు, ప్రావిడెంట్ ఫండు మిగిలాయి. వాటికోసం ఒక వైపు కన్నతల్లి, రెండో వైపు భర్త అక్కచెల్లెలి కొడుకులు. భర్తతో మూడు నెలలు, పుట్టింట నాలుగు దశాబ్దాలు. ఆస్తి భర్త వైపుకే వెళ్లింది. సానుభూతిని బట్టి హక్కులు తేల్చలేమని కోర్టు అంది. నేను ఆ తీర్పును తప్పుపట్టను. సెక్షన్ అలా రాసి ఉన్నప్పుడు జడ్జి ఏం చేయగలరు? రాసినవాళ్లను అడగాలి. అందుకే కోర్టుకు కాక మీకు రాస్తున్నాను.

1956లో రాసినవాళ్లను మరీ తిట్టలేం. ఆ రోజుల్లో ఆడమనిషికి ఆస్తి అంటే అయితే తండ్రి నుంచి, లేకుంటే భర్త నుంచి రావాలి. వాళ్ల మనసులో ఉన్నవి ఆ రెండే. అందుకే సెక్షన్ 15లోనే రెండో భాగం పెట్టారు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి, పిల్లలు లేకపోతే, తండ్రి వారసులకు. భర్త నుంచో మామ నుంచో వచ్చింది, పిల్లలు లేకపోతే, భర్త వారసులకు. ఎక్కడ నుంచి వచ్చింది అక్కడికే అన్న లెక్క. మరి తన చేతులతో తాను సంపాదించుకున్నది? దానికి ప్రత్యేకంగా ఏమీ రాయలేదు. రాయలేదు కాబట్టి అది మొదటి భాగంలోకి, అంటే భర్త వారసుల మూటలోకి జారిపోయింది.

ఆ సంపాదన ఇవాళ ఎవరిదో మీకు నేను చెప్పాలా? కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పాచిపని చేసి, వంటలు చేసి, నెలనెలా డబ్బు పంపి ఊళ్లో స్లాబు ఇల్లు వేయించుకున్న ఆడవాళ్లు మీ నియోజకవర్గాల్లోనే ఉన్నారు. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని గేదె కొని, పాలు పోసి, తీర్చి, మళ్లీ తీసుకున్నవాళ్లు. నర్సులు, ఆశా వర్కర్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు. పైగా మీరే, ఏ పార్టీ వాళ్లు అధికారంలో ఉన్నా, పేదలకు ఇచ్చే ఇళ్ల పట్టాలు ఇంటి ఆడమనిషి పేరు మీదే ఇస్తున్నారు. మంచి పని. ఆ పట్టా మీద ఫోటో ఉన్న మనిషి పిల్లలు లేకుండా, భర్త పోయాక కన్నుమూస్తే ఆ స్థలం ఎవరి వైపు నడుస్తుందో పట్టా పంపిణీ సభలో ఎవరూ చెప్పరు.

సెక్షన్ 15 ప్రకారం తలకిందులుగా వచ్చే ఫలితాలు ఇంకా ఉన్నాయి. అమ్మాయికి అసలు పెళ్లే కాకపోతే ఆమె ఆస్తి అమ్మానాన్నలకే వస్తుంది, మధ్యలో ఎవరూ లేరు. పెళ్లయి కోర్టులో విడాకుల డిక్రీ వచ్చినా వాళ్లకే వస్తుంది, ఎందుకంటే అప్పుడు "భర్త" అన్నవాడే లేడు. భర్త చనిపోయి విధవగా మిగిలితే మాత్రం రాదు. అంటే నా క్లయింటు కూతురు భర్తతో పోట్లాడి విడాకులు తెచ్చుకుని ఉంటే తల్లికి ఇల్లు దక్కేది. మొగుడు పోయాక నోరెత్తకుండా పెట్టె పట్టుకుని వచ్చేసింది కాబట్టి దక్కలేదు.

ఇక భర్త బతికి ఉండి, వేరుగా ఉన్నవాళ్ల సంగతి. మా కోర్టు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటివాళ్లు కొల్లలు. పెద్దమనుషుల్లో పెట్టి, స్టాంపు కాగితం మీద విడుపు రాసుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ కులంలో ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప ఆ కాగితం విడాకులు కాదు. చాలామందికి ఆ ముక్క తెలియదు. భర్త ఇంకో మనిషితో కాపురం పెట్టి పిల్లల్ని కంటాడు. ఇరవై ఏళ్లు ఈమె ముఖం చూడడు. ఈమె పిల్లలు లేకుండా పోయిన రోజున చట్టం దృష్టిలో భర్త అతనే. మొదటి వరసలో అతనొక్కడే. మొత్తం అతనిదే. వారసుడు కాకుండా పోవాలంటే ఆమెను చంపి ఉండాలి, హంతకుడికి వారసత్వం లేదని అదే చట్టంలో సెక్షన్ 25 ఉంది. వదిలేసినవాడికి అలాంటి అడ్డమేమీ లేదు.

మీలో చాలామంది పెళ్లిళ్లు చేసినవాళ్లు, కాబట్టి పసుపు కుంకుమల సంగతి కొంచెం వివరంగా రాస్తాను. కోస్తాలో, సీమలో, తెలంగాణలో, ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసివ్వడం మన ఇళ్లలో పాత అలవాటు. ఒకప్పుడు నోటిమాట, ఇప్పుడు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్. నేనే ఎన్నో రాయించాను. పుట్టింటి భూమి కదా, ఆ పిల్లకు పిల్లలు లేకపోతే పుట్టింటికే తిరిగి వస్తుందని తండ్రులు అనుకుంటారు. సెక్షన్ 15 రెండో భాగం చదివిన కొత్త లాయర్లు కూడా అలాగే అనుకుంటారు. కానీ అక్కడున్న మాట "వారసత్వంగా వచ్చిన" ఆస్తి. గిఫ్ట్ డీడ్ వారసత్వం కాదు, దానం. కాబట్టి అది స్వార్జితంతో పాటు మొదటి భాగంలో పడుతుంది, భర్త వారసులకు పోతుంది. తండ్రి ఏమీ ఇవ్వకుండా చనిపోయి, ఆ తర్వాత వాటాగా వచ్చి ఉంటే అదే ఎకరం పుట్టింటికి వచ్చేది. ముద్దుగా పెళ్లినాడు ఇచ్చాడు కాబట్టి రాదు. ఒక తండ్రికి ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "అయితే మేం తప్పు చేశామా అమ్మా?" అన్నాడు.

వరకట్నం చట్టం రాసినవాళ్లకు ఈ చిక్కు తట్టింది. వరకట్న నిషేధ చట్టంలో సెక్షన్ 6ను 1986లో సవరించారు. పెళ్లయిన ఏడేళ్ల లోపు అమ్మాయి అసహజంగా చనిపోతే, పిల్లలు లేకపోతే, కట్నం కింద ఇచ్చిన ఆస్తి ఆమె తల్లిదండ్రులకే తిరిగి ఇవ్వాలని. మంచిదే. కానీ ఆలోచించి చూడండి. ఇచ్చింది పుట్టింటికి తిరిగి రావాలంటే ఆ పిల్ల ఏడేళ్ల లోపే పోవాలి, అదీ మామూలు చావు కాకూడదు. జ్వరమొచ్చి పోతే ఇది వర్తించదు.

ఇదంతా ఢిల్లీ చేయాల్సిన పని కదా, మాకెందుకు రాస్తున్నావు అంటారేమో. చరిత్ర కొంచెం గుర్తుచేస్తాను. మీ సభ ఇంతకుముందు ఈ చట్టం మీద ఢిల్లీ కంటే ముందు నడిచింది.

ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ వచ్చింది. 1986 నాటి 13వ నంబరు చట్టం, అమలు మాత్రం 1985 సెప్టెంబరు 5 నుంచి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతోనే హక్కుదారు అని 29-ఎ సెక్షన్ చేర్చారు. ఆ చట్టం పీఠికను వీలైతే ఒకసారి తెప్పించుకుని చదవండి. ఆడదైనందుకే కూతుర్ని ఉమ్మడి ఆస్తికి దూరం పెట్టడం రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి విరుద్ధమని, వరకట్నం పుట్టడానికి కారణం అదేనని అందులో రాశారు. తర్వాత తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారిలోనే నడిచాయి. కేంద్రం ఆ పని చేసింది 2005 సెప్టెంబరు 9న. సరిగ్గా లెక్కేస్తే మన తర్వాత ఇరవై ఏళ్ల నాలుగు రోజులకు.

రాజ్యాంగం కూడా మీకు అడ్డం కాదు. వీలునామాలు, వారసత్వం ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల జాబితాలో, అయిదో అంశం. కేంద్ర చట్టంతో తేడా వచ్చినా, 254వ అధికరణం రెండో క్లాజు ప్రకారం రాష్ట్రపతి ఆమోదం దొరికితే రాష్ట్ర చట్టమే ఆ రాష్ట్రంలో చెల్లుతుంది. 1986లో నడిచిన దారి అదే. ఇవాళ రెండు రాష్ట్రాలున్నాయి కాబట్టి రెండుసార్లు నడవాలి, అంతే తేడా. ఎవరు ముందు చేస్తారో పోటీ పడినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే తులసమ్మ కేసు ఉంది. మన నేల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు. భర్త 1931లో పోతే, మనోవర్తి కోసం 1944లో కోర్టుకెక్కి, రాజీలో కొన్ని ఆస్తులు అనుభవించే హక్కు తెచ్చుకుని, వాటిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదని భర్త సోదరుడు దావా వేస్తే, చివరికి 1977లో సుప్రీంకోర్టు ఆ ఆస్తి ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందుతుందని తేల్చింది. మనోవర్తి కింద వచ్చిన ఆస్తి మీద దేశంలో ఏ కోర్టులో వాదన జరిగినా ఇవాళ్టికీ ఆ పేరు వినపడాల్సిందే. ఆస్తి విషయంలో మన ఆడవాళ్లు ఇలా ముందుండటం కొత్త కాదు.

అయితే 1985 సవరణలో ఒక లోపం ఉంది, అది మా ఇంట్లోనే తగిలింది. ఆ తేదీ నాటికి పెళ్లయిపోయిన కూతుళ్లకు హక్కు లేదన్నారు. మా పెద్దక్క పెళ్లి 1985 మేలో. నాలుగు నెలల తేడా. నాకు పెళ్లి కాలేదు కాబట్టి నాకు హక్కు, ఒకే కంచంలో తిన్న మా అక్కకు లేదు. 2005లో కేంద్ర చట్టం పెళ్లి షరతు తీసేసింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాల జోలికి పోలేదు. మా వాళ్లు 1998లోనే పంచేసుకున్నారు. అక్క నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనే రెండు పండగలు ఆమె ఇంటికి వెళ్లలేకపోయాను. అందుకని ఒక్క మనవి. ఈసారి సవరణ రాసేటప్పుడు పెళ్లి తేదీతో ముడిపెట్టకండి. చట్టం వచ్చాక ఎవరు చనిపోయినా, పెళ్లి ఏ సంవత్సరంలో అయినా, వర్తించేలా రాయండి.

ఎదురు వచ్చే మాటలు నాకు తెలుసు. ఈ వరండాలో అన్నీ విన్నాను.

మొదటిది, వీలునామా రాసుకోవచ్చు కదా అని. నిజమే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద వచ్చిన పిటిషన్‌ను ముగిస్తూ, స్త్రీలు, ముఖ్యంగా హిందూ స్త్రీలు, వెంటనే వీలునామాలు రాసుకోండని విజ్ఞప్తి చేసింది. ఆ మాట పత్రికల్లో వచ్చిన వారం నా దగ్గరికి నలుగురు వచ్చారు, సంతోషం. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఈ లేఖ చదివే ప్రతి ఆడమనిషికీ నేనూ అదే చెబుతాను, రాసేయండి. కానీ మన ఇళ్లలో వీలునామా మాటెత్తితే "అప్పుడే పోతానా ఏం?" అంటారు, తథాస్తు దేవతలు ఉంటారని నోరు మూయిస్తారు. రాసినా అవతలివాళ్లు సంతకం ఫోర్జరీ అంటారు, సాక్షుల్లో ఒకరినైనా బోనెక్కించాలి, ఈలోగా ఆ సాక్షి ముసలివాడై పోతాడు. అన్నిటికీ మించి, అమ్మకు వాటా రావాలంటే వీలునామా రాయాలి అని కొడుక్కి ఎవరూ చెప్పరు. వాడు రాయకపోయినా వస్తుంది. కూతురు మాత్రం బతికుండగానే చావు గురించి ఆలోచించి పెట్టుకోవాలా?

రెండోది గోత్రం. పెళ్లితో ఆడపిల్ల గోత్రం మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఆమె బాగోగులు అత్తవారివి, కాబట్టి ఆస్తీ వాళ్లదే అని. ఈ సెక్షన్ మీద 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో విచారణ జరిగినప్పుడు కూడా కన్యాదానం, గోత్రం మాటలు వచ్చాయి. ఆచారాన్ని తీసిపారేయమని నేననను. నా పెళ్లీ కన్యాదానంతోనే జరిగింది. కానీ బాగోగులు చూడాల్సినవాళ్లు పెట్టె సర్ది పంపేశాక ఆ గోత్రం ఎక్కడుంది? పెద్దకర్మ మర్నాడు తెగిన బంధుత్వం బ్యాంకు డిపాజిట్ కనపడేసరికి మళ్లీ ఎలా అతుక్కుంది? అత్తవారు నిజంగా చూసుకున్న ఇళ్లు ఉన్నాయి, కోడలిని కూతురిలా పెట్టుకుని ఆమెతోనే ముసలితనం గడిపిన అత్తలు నాకూ తెలుసు. వాళ్లకు ఏమీ రాకూడదని కాదు నా వాదన.

అక్కడికే వస్తున్నాను. 2008లో లా కమిషన్ తన 207వ నివేదికలో ఒక మధ్యేమార్గం చెప్పింది. భర్తా పిల్లలూ లేని స్త్రీ స్వార్జితం అటు భర్త వారసులకూ ఇటు పుట్టింటి వారసులకూ సమానంగా పంచాలి అని. 2005 సవరణప్పుడు సెక్షన్ 15ను ముట్టుకోకుండా వదిలేశారు, ఆ తప్పు దిద్దమనే ఆ నివేదిక. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి ఒకరు 2012లో ఈ సెక్షన్ లింగ వివక్షే అని కూడా అభిప్రాయపడ్డారు. ఇవన్నీ ఫైళ్లలో ఉన్నాయి. సగం సగం నాకు పూర్తిగా నచ్చదు. కన్నతల్లిని కొడుకు విషయంలో ఎక్కడ కూర్చోబెట్టారో కూతురి విషయంలోనూ అక్కడే, అంటే భర్తా పిల్లల పక్కనే, కూర్చోబెట్టాలన్నది నా మాట. మీ సభలో అంత దూరం ఒప్పుకోకపోతే, కనీసం స్వార్జితం విషయంలో ఆమెను భర్త వారసుల కంటే ముందు నిలపండి. అదీ కుదరదంటే లా కమిషన్ సగమే తెండి. ఇవాళ సున్నా ఉంది.

గిఫ్ట్ డీడ్ సంగతి మాత్రం బేరానికి పెట్టకండి. రెండో భాగంలో "వారసత్వంగా" అన్న మాట పక్కన "దానంగా గానీ, పసుపు కుంకుమల కింద గానీ" అని చేరిస్తే సరిపోతుంది. ఒక వాక్యం. ఎన్నో ఇళ్లలో దావాలు పుట్టకుండానే పోతాయి. వదిలేసి వెళ్లిన భర్త విషయం ఇంత తేలిక కాదని నాకూ తెలుసు. ఎన్నేళ్లు విడిగా ఉంటే, ఎవరు ఎవర్ని వదిలారు, రుజువేమిటి? దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపి మాలాంటివాళ్లను పిలిచి వినండి. మా దగ్గర కేసులున్నాయి, చెబుతాం.

ఈ లేఖ హిందూ వారసత్వ చట్టం గురించే రాశానని మిగిలిన తల్లులకు అంతా బాగుందని కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద పిల్లలు లేని క్రైస్తవ వ్యక్తి పోతే, భార్య లేదా భర్త వాటా పోగా మిగిలింది తండ్రికి. తండ్రి ఉండగా తల్లికి ఏమీ లేదు. ఏజెన్సీలోని గిరిజన స్త్రీలకైతే హిందూ వారసత్వ చట్టమే వర్తించదు, ఆచారం ఏది చెబితే అది. వాటి మీద నాకంటే బాగా తెలిసినవాళ్లు రాయాలి.

సవరణ ముసాయిదా నేనే రాసి ఉంచాను. ఒకటిన్నర పేజీ. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఎవరి పార్టీ పేరు మీద ప్రవేశపెట్టినా, ప్రైవేటు మెంబరు బిల్లుగా పెట్టినా నాకు సమ్మతమే. అడిగిన సభ్యుడికి పంపుతాను, అడగకపోతే మీ ఇంటికే వచ్చి ఇస్తాను.

ఇది వచ్చినా నా క్లయింటుకు పనికిరాదు. ఆమె కూతురు పోయింది 2021లో, పాత చట్టమే ఆమెకు వర్తిస్తుంది. ఆ సంగతి ఆవిడకు విడమర్చి చెప్పాను. మొన్న వాయిదాకు వచ్చినప్పుడు, ఈ లేఖ రాస్తున్నానంటే కాసేపు సంచి సర్దుకుని, "నాకు రాకపోయినా పర్లేదులే, ఆ ఇంటి కరెంటు బిల్లు ఇంకా దాని పేరునే వస్తోంది, అది మార్చొద్దని మాత్రం రాయమ్మా" అంది. అది మీ చేతిలో లేదని తెలుసు. రాయమంది కాబట్టి రాశాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక చిన్న ఊరి న్యాయవాది

తా.క.: మీ అమ్మాయిల పేరున మీరు రాయించిన గిఫ్ట్ డీడ్‌లు బీరువాలో ఉంటే, ఈ లేఖతో పాటు ఒకసారి బయటకు తీసి చదువుకోండి.